కుర్చీలో కూర్చుని చూసే ఆట

మా అమ్మాయి ఫోన్‌లో ఓడ ప్రయాణం ఫారం పైకి చదువుతుంటే నాకు వచ్చిన మొదటి సందేహం, దీన్ని రాసినవాడు ఎవడై ఉంటాడా అని. ఎందుకంటే అరకులో అలాంటివి రాసేవాణ్ణి నేనే. "పచ్చని కొండల నడుమ అచ్చమైన గిరిజన విందు" అని నేను రాశానంటే దానర్థం రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అందులో మధ్యాహ్నమే ఉడికించి పెట్టుకుని, బస్సు హారన్ వినబడగానే వెదురు బొంగులో కూరి నిప్పుల మీద పెట్టే కోడి. "స్థానికులతో ముచ్చట్లు" అంటే మా బావమరిది. పదిహేనేళ్ళుగా టూరిస్టులకి మా కొండల్ని చూపించి బతుకుతున్నాను. ఎక్కడ ఎంత నీళ్ళు కలుపుతామో నాకు తెలుసు. పాలమ్మేవాడు ఇంకొకడి దగ్గర పాలు కొనుక్కోవలసి వస్తే ఎలా ఉంటుందో నా పరిస్థితి అప్పుడు అలా ఉంది.

మా ఆవిడ హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆమెకి ఎల్టీసీ వచ్చింది. ఏ తిరుపతో వెళ్ళొస్తే సరిపోయేది. విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి మాత్రం ఓడెక్కుదాం అంది. కొచ్చిలో ఎక్కితే లక్షద్వీప్, మూడు దీవులు, నాలుగు రోజులు. మా అమ్మని కూడా తీసుకెళ్ళాల్సిందేనని మా ఆవిడే పట్టుబట్టింది. కోడలు అత్తగారిని వెంట తీసుకెళ్దాం అనడం నాకు అప్పుడే కొంచెం వింతగా తోచింది.

మొదటి రెండు దీవుల్లో అందరికీ ఒకటే కార్యక్రమం. మూడో దీవిలో మాత్రం మనిషికొకటి ఎంచుకోవాలి. ఆదివారం లోపల పంపెయ్యాలి, పంపాక మార్చడం కుదరదు. ఉన్నవి నాలుగు. నీళ్ళలో ముఖం పెట్టి చేపల్ని చూడడం. లైట్‌హౌస్ ఎక్కడం. అడుగున అద్దం బిగించిన పడవలో తిరగడం. దీవివాళ్ళ కర్రల ఆట చూడడం, ఆపైన కొబ్బరినీళ్ళు.

ఒక్కొక్కటీ నేను విప్పి చెప్పాను. చేపల్ని చూడడమంటే ఉప్పునీళ్ళు మింగడం. లైట్‌హౌస్ ఎక్కడానికి మెట్లుంటాయి, మెట్లకి టికెట్టు తీసుకోవడం మనలాంటి కొండవాళ్ళు చెయ్యాల్సిన పని కాదు. ఆట సంగతి అసలు ఎత్తొద్దన్నాను. అద్దం పడవ ఒక్కటే కాస్త నమ్మదగ్గది, అందులో కూడా అద్దం మసకగా ఉంటుంది కానీ కనీసం నీళ్ళు నిజమైనవే ఉంటాయి. నలుగురికీ అదే పెట్టమన్నాను.

అమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తోంది. చేతిలో ఉన్న కాయ చాటలో పడేసి మనవరాలితో అంది.

"నాకు ఆ ఆట రాయే గుంటా. కుర్సీలో కూకుని సూత్తాను."

నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ మాటకి అర్థం తెలియాలంటే అమ్మ సంగతి చెప్పాలి. మా ఊళ్ళో ధింసా ఆడేటప్పుడు ఆడవాళ్ళ వరుసకి ముందుండేది ఆమె. వీపుల వెనక నుంచి ఒకరి చేతులొకరు పట్టుకుని పాతికమంది పాములా మెలికలు తిరుగుతుంటే, ఆ మెలిక ఎటు తిరగాలో ఆమె కాలు చెప్పేది. నేను అరకులో రిసార్టు పక్కన షెడ్డు వేసుకుని టూరిస్టుల కోసం ఆట పెట్టించినప్పుడు ముందుగా దింపింది మా అమ్మనే. ఆమె వస్తే ఊళ్ళో మిగతా ఆడవాళ్ళూ వస్తారని నా లెక్క. వచ్చారు. రోజూ సాయంత్రం అరగంట ఆట. రాత్రంతా సాగే దాన్ని నేను మూడు ముక్కలు చేసి అరగంటకి కుదించాను. ఊరి దేవతకి ఆడే బోడ ధింసాని కూడా అందులో కలిపేశాను, ఎవరైనా అడిగితే రెండోసారి కూడా ఆడించాను. అమ్మ అందులోనూ వరుసకి ముందే నడిచింది. పన్నెండేళ్ళు ఆడింది. మూడేళ్ళ కిందట మోకాళ్ళు ఇక వంగమన్నాయి, మానేసింది.

అంటే పన్నెండేళ్ళపాటు ఆమె ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు చూసింది. ఒక్కసారి అటువైపు కూర్చోవాలని ఉందన్నమాట ఆమెకి. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఇంత తేటగా ఉంది. ఆ రోజు నాకు తోచింది వేరు. టూరిస్టు ఆటలో ఏముంటుందో నాకు తెలియదా? దడి వెనక బట్టలు మార్చుకుంటారు. డప్పు కొట్టేవాడి కన్ను గడియారం మీద ఉంటుంది. ఆటయ్యాక నవ్వమంటే నవ్వుతారు. సొంత సరుకు సంగతి తెలిసినవాడు పొరుగు సరుకు కొంటాడా? వద్దన్నాను. నడవలేవు, ఎండ ఉంటుంది, పడవలో కూర్చోమన్నాను.

"సరే, నీ ఇట్టం" అని చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడే నాకు అనుమానం మొదలైంది. మా అమ్మ దేన్నీ అంత సులువుగా వదిలే మనిషి కాదు. సంతలో అల్లం దగ్గర దళారీతో గంటసేపు వాదిస్తుంది. అలాంటిది ఒక్క మాటకే సరే అందంటే ఏదో ఉంది.

ఆ తర్వాత వారం రోజులూ ఇంట్లో నాకు వినపడకుండా మాటలు నడిచాయి. నేను వంటింట్లోకి వెళ్తే అత్తా కోడలూ ఠక్కున ఆగిపోయేవారు. ఏమిటని అడిగితే ఉప్పు అయిపోయిందని ఒకరు, వాన వచ్చేలా ఉందని ఒకరు. ఒకరోజు నేను షెడ్డు నుంచి తొందరగా వచ్చేసరికి వంటింటి తలుపు లోపల గడియ. బయటికి బెల్లం వాసన వస్తోంది. మా కొండల్లో పండగ కాని రోజున బెల్లం వాసన వస్తే ఎవరికీ పిండివంటలు గుర్తురావు, సారా బట్టీ గుర్తొస్తుంది. అమ్మకి ఇప్పసారా అలవాటు పెద్దగా లేదు కానీ, ఎక్కడికి వెళ్ళినా అక్కడి నేలకి రెండు చుక్కలు వొంపందే కొత్త చోట అడుగుపెట్టదు. ఫారంలో ఎర్రక్షరాలతో రాసింది ఒక్కటే విషయం, దీవుల్లో మద్యం నిషేధం, దొరికితే శిక్ష.

బయల్దేరే రోజున ఆమె దగ్గర ఒక గోనెగుడ్డ సంచీ తేలింది. మూతి తాడుతో మూడు ముళ్ళు వేసి ఉంది. ఎత్తి చూశాను, బరువు. ఏముందే అంటే నా బట్టలు అంది. అమ్మకి ఉన్నవి నాలుగు చీరలు, అవి మా ఆవిడ సూట్‌కేసులో సర్దడం నేను కళ్ళారా చూశాను. విప్పబోతే మా ఆవిడ, పెద్దావిడ సంచీలో చెయ్యి పెట్టడం ఏం పద్ధతని నన్నే గదమాయించింది. ఇద్దరూ ఒక్కటయ్యారని అర్థమైంది.

కొచ్చి రేవులో సామాన్లన్నీ యంత్రంలోంచి పంపాలి. సంచీ లోపలికి వెళ్తుంటే నేను యంత్రం తెర వైపే చూస్తూ నిలబడ్డాను. అక్కడి ఆఫీసరు దాన్ని పక్కన పెట్టి, ఏమిటివని అడిగాడు. మా ఆవిడ హిందీలో ప్రసాదం అని చెప్పింది. అతను దండం పెట్టి వదిలేశాడు. నాకు మాత్రం ప్రసాదం అనగానే అనుమానం రెట్టింపైంది. మా దేవుడికి ఏం పోస్తామో నాకు తెలుసు కదా. ఎండిన సొరకాయ బుర్రలో పోసి మూత పెడితే ఆ యంత్రం మాత్రం ఏం కనిపెడుతుంది?

ఓడ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని సముద్రాన్ని చూసి, ఇంత నీరుండి ఒక్క మడికీ పారదేటి అంది. సంచీని తలకింద పెట్టుకుని పడుకుంది. నేను నిద్రపోలేదు. మొదటి రెండు దీవుల్లో ఆ సంచీ ఓడలోనే ఉంది, నేను రెండుసార్లు వెనక్కి వచ్చి చూసుకున్నాను. మూడో దీవికి ముందు సాయంత్రం మనిషికో చీటీ ఇచ్చారు, పడవ దిగాక ఎవరు ఎటు వెళ్ళాలో. నా చీటీ మీద అద్దం పడవ. అమ్మది చూశాను, కర్రల ఆట. మా ఆవిడది కర్రల ఆట. మా అమ్మాయిదీ అదే.

నేను చెప్పినట్టే పెట్టానన్నావు కదా అని అమ్మాయిని నిలదీశాను. నీకు నువ్వు చెప్పినట్టే పెట్టాను నాన్నా అంది. ఆ గుంట తెలివి నాదే. ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు. ముగ్గురి మీదా ఒళ్ళు మండిపోయింది, నా ఇంట్లోనే నేను పరాయివాణ్ణయ్యానని నిజంగానే బాధేసింది.

పొద్దున్న చిన్న పడవలో దీవికి దింపుతుంటే అమ్మ సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒడ్డున తెల్లటి ఇసుక, లేతాకుపచ్చ నీళ్ళు. చూడదగ్గ నీళ్ళేనని ఒప్పుకోవాలి. అద్దం పడవవాళ్ళు ఇటు రండని ఒకతను పిలిచాడు. నేను వెళ్ళలేదు. డబ్బులు పోతే పోయాయి. అమ్మ మీద ప్రేమతో ఆగానంటే అబద్ధం. సంచీ మీద కన్నుంచడానికి ఆగాను. అదనంగా ఒక మనిషి వస్తే మీకేమైనా అభ్యంతరమా అని అడిగితే గైడు కుర్రవాడు కుర్చీ చూపించాడు.

కొబ్బరిచెట్ల నీడలో నీలం ప్లాస్టిక్ కుర్చీలు. మా షెడ్డులో ఉన్నవే, రంగు తేడా. అమ్మ మొదటి వరుసలో మధ్య కుర్చీలో కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, వీపు ఆనించి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుంది. ఆమె అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

పన్నెండు మంది మగవాళ్ళు వచ్చారు. చేతుల్లో చిన్న కర్రలు. మన కోలాటం లాంటిదే కానీ పాట వేరు, వంగడం వేరు. నా కళ్ళు వాటంతటవే తప్పులు వెతికాయి. ఒక మనిషి చొక్కా గుండీ మిగతావాళ్ళలా లేదు. ఇంకొకతను ఆవలింత దిగమింగాడు. చివరి నుంచి రెండోవాడు ముసలాయన, కుడి మోకాలు వంగడం లేదు. వంగాల్సిన చోట నడుముతో సర్దుకుంటున్నాడు. మా వాళ్ళు చేసే పనే. అనుకున్నాను, చూశావా, అన్నిచోట్లా ఇంతే.

అమ్మ వైపు తిరిగి చూస్తే ఆమె కూడా ఆ ముసలాయన్నే చూస్తోంది. నవ్వడం లేదు. కాలి బొటనవేలు మాత్రం ఇసుకలో కదులుతోంది.

ఆట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. ఫోటోలు దిగారు. కొబ్బరినీళ్ళ దగ్గరికి అందరూ లేచిపోయారు. అప్పుడు అమ్మ సంచీ ముడి విప్పడం మొదలుపెట్టింది. నేను ఒక్క అంగలో ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఇక్కడ పోలీసులుంటారు, పరువు పోతుంది, మూసిపెట్టు అన్నాను. నా గొంతు పెద్దదే అయ్యింటుంది, గైడు ఇటు చూశాడు.

అమ్మ నా చెయ్యి విదిలించి సంచీ తెరిచింది. లోపల విస్తరాకుల కట్ట, దాని కింద ఉండలు. చోడిపిండి ఉండలు, అంటే రాగివి, నల్లటి వలిసె గింజల ఉండలు. బెల్లంతో కట్టినవి. కొన్ని సగానికి పొడి అయిపోయాయి.

"ఇదేటి?" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. చదువురాని పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"ఆడినోలికి సూసినోలు పెట్టాల గదరా. పెట్టకపోతే అది ఆటేటి? కూలి."

నాకు తెలియని సంగతి కాదు. మా కొండల్లో పండగ రోజుల్లో ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరు వెళ్ళి ధింసా ఆడతారు. చూసిన ఊరు వాళ్ళకి వండి పెట్టాలి, అందరూ కలిసి కూర్చుని తినాలి. దాన్ని సంకిడి కెల్బార్ అంటాం. పెట్టని ఊరికి మళ్ళీ ఎవరూ ఆటకి వెళ్ళరు. చిన్నప్పుడు అమ్మ చంకనెక్కి పెదబయలు వైపు ఊళ్ళన్నీ తిరిగి ఆ తిండి తిన్నవాణ్ణి నేను. టికెట్టు పెట్టి, కుర్చీలు వేసి, ఓడలో మనుషుల్ని తెచ్చి ఆడించే ఆటకి కూడా ఆ నియమం ఉంటుందని మా అమ్మ తప్ప ఎవరూ అనుకోరు. అందుకే ఆమె ఆ ఆటని ఎంచుకుంది. ఆట చూడడానికి వెళ్తూ వట్టి చేతులతో వెళ్ళకూడదని కోడలితో కలిసి వారం రోజులు వండుకుంది. నాతో చెబితే నవ్వుతాననే దాచింది. మొదటిరోజే నవ్వాను కదా.

"నీకాడ అన్నేళ్ళాడినాం. ఎవులూ పెట్టనేదు. ఇక్కడైనా నాను పెట్టుకుంతాను, ఒగ్గేయ్" అంది.

చెయ్యి వదిలేశాను.

ఆమె విస్తరాకులు పరిచి ఒక్కొక్క ఆకులో రెండేసి ఉండలు పెట్టి, ఆ పన్నెండు మందికీ తానే అందించింది. ఎవరూ తినలేదు. ఆ నల్లటి ముద్దల్ని చూస్తూ నిలబడ్డారు. ఒకతను వాసన చూశాడు. ఇంకొకతను గైడుని ఏదో అడిగాడు, దీనికి మేమేం ఇవ్వాలని అడుగుతున్నారని గైడు నాతో అన్నాడు. నాకు ఆ చూపులు బాగా తెలుసు. నేను పదిహేనేళ్ళుగా లోకాన్ని చూసేది ఆ చూపుతోనే. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

అమ్మ ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళింది. అతని ఆకులోంచే ఒక ఉండ తీసి సగం విరిచి తాను నోట్లో వేసుకుంది, మిగతా సగం అతనికిచ్చింది. తర్వాత తన మోకాలు మీద అరచేత్తో తట్టుకుని, అతని మోకాలు వైపు చూపించి, పోయిందా అన్నట్టు తల ఊపింది. ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వి, తిన్నాడు. తిని తన భాషలో ఏదో అన్నాడు, మిగతావాళ్ళు కూడా తిన్నారు. వాళ్ళు తిన్నంతసేపూ అమ్మ నిలబడే ఉంది. అయ్యాక వచ్చి మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. నేను ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నాను. ఏడుపొచ్చింది, కొబ్బరినీళ్ళు తాగుతున్నట్టు బొండాం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

నన్ను అప్పుడు కోసింది గుర్తొచ్చిన ఒక వాసన. మా షెడ్డులో ఆట జరిగేటప్పుడే బొంగు చికెను వడ్డన మొదలయ్యేది. టైము కలిసొస్తుందని అలా పెట్టింది నేనే. వేడి వేడి కోడి తింటూ టూరిస్టులు చూసేవాళ్ళు. పొద్దున కాఫీ తోటలో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు ఆ వాసనలో అరగంట ఆడి, నేనిచ్చిన డబ్బు కొంగున ముడేసుకుని, చీకట్లో రెండు కొండలు దాటి ఇంటికి వెళ్ళి పొయ్యి ముట్టించుకునేవాళ్ళు. వాళ్ళ ముందు మా అమ్మ నడిచేది. నేను కూలి ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, దాన్నే నీతి అనుకున్నాను.

తిరిగి వచ్చాక మొదటి శనివారం షెడ్డులో వరస మార్చాను. ఆట అయిపోయేదాకా వడ్డన లేదన్నాను. టూరిస్టులు సణిగారు. ఆటయ్యాక చాపలు పరిచి, ఆడినవాళ్ళని కూర్చోబెట్టి, విస్తళ్ళు వేసి, అన్నం, పప్పు, బొంగు కోడి నేనే వడ్డించాను. అమ్మని కూడా తీసుకొచ్చాను, ఆమె ఒక కుర్చీలో కూర్చుని చూస్తోంది.

ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. మా అమ్మ తర్వాత వరుసకి ముందుండే ఆమె, వరసకి నాకు పిన్ని, కొంగు సర్దుకుని నెమ్మదిగా అడిగింది.

"ఏటి బాబూ, రేపటి కాణ్ణించి మమ్మల్ని మాన్పించేత్తన్నావేటి?"

నేను ఊరికే పెట్టానంటే వెనక ఏదో ఉంటుందని, పదిహేనేళ్ళలో నేను వాళ్ళకి నేర్పింది అది. అమ్మ కుర్చీలోంచి మోకాళ్ళు పట్టుకుని లేచింది. వచ్చి వాళ్ళ మధ్య చాప మీద కూర్చుని, ఆ పిన్ని విస్తట్లోంచే ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.